రీడైరెక్ట్ మింగేసిన పదమూడు సెకన్లు

"బాబూ, చక్రం తిరుగుతూనే ఉంది."

తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫీజు కౌంటర్ చూసే మేడమ్ ఫోన్. జూన్ మొదటి వారం, ఇంటర్ ఫస్టియర్ అడ్మిషన్లు, కౌంటర్ ముందు తల్లిదండ్రుల క్యూ, వెనకాల నోట్లు లెక్కపెట్టే మెషిన్ చప్పుడు, అన్నీ ఫోన్‌లో వినబడుతున్నాయి. ఆ ఫీజుల సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. 2017లో, వెబ్ పేజీలు రాసే పీహెచ్‌పీ భాషలో, ఏ ఫ్రేమ్‌వర్కూ (రెడీమేడ్ కోడ్ చట్రం) లేకుండా, అప్పటికి నాకు వచ్చిన విద్యతో రాశా. ఏడాదికోసారి జూన్‌లో తప్ప దాని మొహం చూడను.

ఇక్కడ గుంటూరులో నా ల్యాప్‌టాప్‌లో అదే పేజీ తెరిచా. టక్కున వచ్చింది. "మీ నెట్ ఒకసారి చూసుకోండి మేడమ్" అన్నా. మన ఫీల్డులో అందరం చెప్పే మొదటి మాట అదే కదా.

"పక్క కౌంటర్‌కీ ఇదే నెట్ బాబూ, ఆయనకి బాగానే వస్తోంది. ఇది తిరుగుతోంది కదాని ఇంకో ట్యాబ్ తెరిచి ఇంకో పిల్లాడి నంబర్ కొట్టానా, అదీ తిరుగుతోంది. విసుగొచ్చి మళ్లీ సేవ్ నొక్కితే రెండు రసీదులు వచ్చాయి. ఇప్పుడా రెండోది ఎట్లా క్యాన్సిల్ చెయ్యాలి?"

ఆవిడ చెప్పిన మూడు ముక్కల్లోనే మొత్తం జవాబు ఉంది. పక్క కౌంటర్ బాగుండటం, రెండో ట్యాబ్ కూడా ఆగిపోవడం, రెండు రసీదులు రావడం. నాకు అది అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో చేసిన పనీ, చేసిన తప్పులూ ఇక్కడ రాసి పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తే సరే, లేదంటే వచ్చే జూన్‌లో నాకే పనికొస్తుంది. ఫంక్షన్ల పేర్లన్నీ తెలుగులోనే రాస్తా, మధ్యలో అండర్‌స్కోర్లు మీరే వేసుకోండి.

మొదట చేసిన పని అందరూ చేసేదే. పేజీ మొదట్లో టైమ్ తీసుకుని, అడుగున ఫుటర్‌లో తేడా ప్రింట్ చేయించా. సేవ్ కొట్టాక వచ్చే రసీదు పేజీ కింద 0.18 సెకన్లు అని వచ్చింది. మేడమ్ ఏమో పావు నిమిషం తిరిగిందంటారు, పేజీ ఏమో నాకేం తెలియదు నేను 0.18లో వచ్చేశాను అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎందుకంటే సేవ్ నొక్కితే బ్రౌజర్ నుంచి సర్వర్‌కి వెళ్లేవి రెండు రిక్వెస్టులు. ఫారం పోస్ట్ అవుతుంది, అక్కడ డబ్బు జమ, రసీదు తయారీ అన్నీ జరుగుతాయి, ఆ తర్వాత లొకేషన్ హెడర్ (ఫలానా పేజీకి వెళ్లమని బ్రౌజర్‌కి ఇచ్చే చీటీ) పంపి రసీదు చూపించే పేజీకి తోసేస్తుంది, అదే రీడైరెక్ట్. రిఫ్రెష్ కొడితే ఫీజు మళ్లీ జమ కాకుండా అందరం చేసే పద్ధతే అది. కానీ ఆ పోస్ట్ రిక్వెస్ట్‌కి ఫుటర్ ఉండదు, స్క్రీన్ ఉండదు. అది ఎంతసేపు తిన్నా చెప్పుకోడానికి చోటు లేదు. నేను కొలిచింది రెండో రిక్వెస్ట్‌ని.

సర్వర్ మన చేతిలో ఉంటే వేరే దారులున్నాయి. పీహెచ్‌పీని సర్వర్ మీద నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌లో రిక్వెస్ట్ స్లోలాగ్ టైమ్‌అవుట్ అని ఒక సెట్టింగ్ ఉంది, అన్ని సెకన్లు దాటిన రిక్వెస్ట్ ఆ క్షణంలో ఏ ఫైల్లో ఏ లైన్ దగ్గర ఉందో బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో ఆ వరస) తీసి రాసి పెడుతుంది, అద్భుతమైన పని. నా దగ్గర ఉన్నది కాలేజీ వాళ్లు కొన్న మామూలు హోస్టింగ్, ఒక కంట్రోల్ ప్యానెల్, ఫైళ్లు ఎక్కించడానికి ఒక ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్. కోడ్ నడకని లోపలినుంచి చూపించే ఎక్స్‌డీబగ్ పెట్టనివ్వరు, స్లోలాగ్ ముట్టుకోనివ్వరు.

అప్పుడు తట్టింది. రసీదు పేజీ పైన పచ్చ రంగులో "ఫీజు జమ అయింది" అని ఒక మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ తయారయ్యేది పోస్ట్ రిక్వెస్ట్‌లో, కనిపించేది తర్వాతి పేజీలో. మధ్యలో రీడైరెక్ట్‌ని అది ఎలా దాటింది? సెషన్‌లో, అంటే లాగిన్ అయిన ఒక్కొక్కరికీ సర్వర్ విడిగా దాచిపెట్టే సమాచారంలో, కూర్చుని దాటింది. మాట దాటగలిగినప్పుడు మిల్లీసెకన్లు దాటలేవా?

పైగా ఇక్కడ సెషన్‌తో ఇంకో లాభం ఉంది. స్లో అవుతున్నది అందరికీ కాదు, ఒక మనిషికి. సెషన్ అంటేనే ఒక మనిషి. మేడమ్ లాగిన్‌లో ఒక జెండా పెడితే ఆవిడ చేసే పనులన్నీ కొలవబడతాయి, పక్క కౌంటర్‌కి ఏ బరువూ పడదు. స్టాఫ్ లాగిన్ అయ్యాక అడ్రస్ చివర ఒక మాట చేరిస్తే జెండా ఎక్కేలా, ఇంకోటి చేరిస్తే దిగేలా పెట్టా.

కోడ్ పెద్దదేం కాదు. రెండు ఫంక్షన్లు, మొదలు, ముగింపు. మొదలుకి ఒక పేరు ఇస్తాం, "లాగిన్ చెకింగ్", "డబ్బు జమ", "రసీదు తయారీ" అని. ముగింపు అదే పేరుతో పిలిస్తే మధ్యలో గడిచిన టైమ్ ఆ పేరు కింద కూడుతుంది, ఎన్నిసార్లు పిలిచారో కూడా లెక్క పెడుతుంది. టైమ్‌కి హెచ్ఆర్‌టైమ్ వాడా, ఇది పీహెచ్‌పీ 7.3 నుంచి ఉంది, ట్రూ ఇస్తే నానోసెకన్లలో వస్తుంది. మైక్రోటైమ్ కూడా నడుస్తుంది గానీ సర్వర్ గడియారాన్ని మధ్యలో సరిదిద్దితే అది ముందుకో వెనక్కో గెంతుతుంది, హెచ్ఆర్‌టైమ్‌కి ఆ బాధ లేదు. మొత్తం టైమ్ మాత్రం సర్వర్ అర్రేలో (అర్రే అంటే కీ అనే పేరు కింద ఒక్కో విలువ దాచుకునే జాబితా) ఉండే రిక్వెస్ట్ టైమ్ ఫ్లోట్ నుంచి, అంటే రిక్వెస్ట్ మొదలైన క్షణం నుంచి లెక్కేశా, ఎందుకంటే సెషన్‌ని తెరిచే సెషన్ స్టార్ట్ పిలవకముందు జరిగేది కూడా నాకు కావాలి. ఇది ముఖ్యం, తర్వాత తెలుస్తుంది.

ఈ లెక్కలన్నీ రిక్వెస్ట్ నడుస్తున్నంతసేపూ మామూలు వేరియబుల్‌లోనే ఉంటాయి. రిక్వెస్ట్ చివర్లో దానంతటదే నడిచే షట్‌డౌన్ ఫంక్షన్ ఒకటి రిజిస్టర్ చేశా, అది వీటిని తీసుకెళ్లి సెషన్‌లో ఒక అర్రే చివర చేర్చి, ఇరవై కంటే ఎక్కువుంటే పాతవి కోసేస్తుంది. ఆ అర్రేనే నా డైరీ. షట్‌డౌన్ ఫంక్షన్లు నడిచాకే పీహెచ్‌పీ తనంతట తాను సెషన్ రాస్తుంది కాబట్టి అక్కడ రాసింది భద్రంగా వెళ్తుంది. ఫేటల్ ఎర్రర్ వచ్చి స్క్రిప్ట్ మధ్యలో కూలినా షట్‌డౌన్ ఫంక్షన్లు నడుస్తాయి. అంటే "రసీదు తయారీ" మొదలైంది గానీ ముగియలేదు అన్న సంగతి కూడా దొరుకుతుంది, ఎర్రర్ గెట్ లాస్ట్ ఇచ్చే లైన్ నంబర్ పక్కన పెట్టుకుంటే ఇంకేం కావాలి. ఒకటి మాత్రం చూసుకోవాలి: అంతకు ముందే ఎక్కడైనా సెషన్‌ని రాసి మూసేసే సెషన్ రైట్ క్లోజ్ పిలిచి ఉంటే, ఆ తర్వాత సెషన్ అర్రేలో మీరు ఏం రాసినా అది గాలికి పోతుంది, ఎర్రర్ కూడా రాదు.

ఇక్కడ ఒక వెధవ పని చేశా, చెప్పుకోవాలి. ఎలాగూ రాస్తున్నాం కదాని, ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ డీబగ్ బ్యాక్‌ట్రేస్ మొత్తం కూడా సెషన్‌లో పెట్టేశా. దాని నిండా ఫంక్షన్లకి ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు, ఆబ్జెక్టులు ఉంటాయి. వాటిలో డేటాబేస్‌కి కలిపే పీడీఓ కనెక్షన్ ఒకటి ఉంది, పీడీఓని సీరియలైజ్ చెయ్యడం (ఫైల్లో రాయగలిగే టెక్స్ట్‌గా మార్చడం) కుదరదు, సెషన్ రాసే టైమ్‌లో ఎక్సెప్షన్ కొట్టింది. ఆబ్జెక్టులు తీసేశా, ఆర్గ్యుమెంట్లు ఉంచా. ఈసారి రాసింది, కానీ సెషన్ ఫైలు ఎంబీల్లోకి వెళ్లింది. సెషన్ స్టార్ట్ పిలిచిన ప్రతిసారీ ఆ ఫైలు మొత్తం చదివి అన్‌సీరియలైజ్ చెయ్యాలి, చివర్లో మళ్లీ మొత్తం రాయాలి. స్లో ఎక్కడుందో వెతకడానికి పెట్టిందే ప్రతి పేజీనీ స్లో చేసింది. పైగా ఆర్గ్యుమెంట్లలో లాగిన్ ఫంక్షన్‌కి ఇచ్చిన పాస్‌వర్డ్ కూడా ఉంటుంది, సెషన్ ఫైలు ఉత్త టెక్స్ట్. అది గుర్తొచ్చాక చెమటలు పట్టి మొత్తం తీసేశా. పేరు, మిల్లీసెకన్లు, ఎన్నిసార్లు. అంతే. ఇంకేమీ సెషన్‌లోకి వద్దు.

సరే, డైరీ రాస్తోంది. చూడటం ఎలా? సెషన్ మేడమ్‌ది, నా బ్రౌజర్‌లో నా సెషన్ ఉంటుంది గానీ ఆవిడది రాదు. చూపించే పేజీ ఒకటి చేసి, "మళ్లీ తిరిగినప్పుడు ఈ లింక్ నొక్కి ఫొటో పంపండి మేడమ్" అన్నా. మొదటి రోజు ఆవిడ పేజీలన్నీ మూసేసి భోజనానికి వెళ్లొచ్చి నొక్కారు, లాగిన్ అడిగింది, ఉన్నదంతా పోయింది. సెషన్ జీసీ మ్యాక్స్ లైఫ్‌టైమ్ ఊరికే వదిలేస్తే 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. ఆ తర్వాత పాత సెషన్లని ఊడ్చే చీపురు ఎప్పుడైనా రావచ్చు. కాలేజీలో భోజనం 24 నిమిషాల్లో అవుతుందా?

రెండో రోజు పదకొండు గంటలకి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. మానిటర్‌ని పక్కనుంచి వంకరగా తీశారు, ఒక మూల రబ్బరు స్టాంపు, గాజు మీద ట్యూబ్‌లైట్ మెరుపు. దాన్ని పెద్దది చేసుకుని చదివా. ఫీజు సేవ్, మొత్తం 13,840. లాగిన్ చెకింగ్ 9. డబ్బు జమ 212. రసీదు తయారీ 13,602. మిగతావి 17. అన్నీ మిల్లీసెకన్లే.

దొరికాడు దొంగ అనుకున్నా. రసీదు తయారీలో పీడీఎఫ్ లైబ్రరీ ఉంది, తెలుగు ఫాంట్ ఉంది, కాలేజీ లోగో ఉంది, ఎవరైనా వాటినే అనుమానిస్తారు. ఆ సాయంత్రమంతా ఫాంట్ ఫైలు చిన్నది చెయ్యడం, లోగో సైజు తగ్గించడం, పాత లైబ్రరీ తీసి కొత్తది పెట్టడం. నా దగ్గర టెస్ట్ పిల్లాడి పేరుతో రసీదు కొడితే 200 మిల్లీసెకన్లు. మొదట్లోనూ అంతే, ఆ తంటాలన్నీ పడ్డాకా అంతే. అక్కడ పదమూడు వేలు, ఇక్కడ రెండొందలు, కోడ్ ఒకటే.

నేను పట్టించుకోనిది ఏంటంటే, ఒక సెక్షన్‌లో గడిచిన టైమ్ అంతా ఆ సెక్షన్ చేసిన పని కాకపోవచ్చు. ఆ సెక్షన్ నడుస్తుండగా వార్నింగ్ (పని ఆపకుండా పీహెచ్‌పీ ఇచ్చే హెచ్చరిక) వస్తే పీహెచ్‌పీ అక్కడే ఆగి, మనం సెట్ ఎర్రర్ హ్యాండ్లర్‌తో పెట్టుకున్న ఫంక్షన్‌లోకి వెళ్లి, అది అయ్యాక తిరిగి వచ్చి తర్వాతి లైన్ నడుపుతుంది. బయటినుంచి చూస్తే ఆ టైమ్ కూడా రసీదు ఖాతాలోనే పడుతుంది. పక్కింటివాళ్లు మన మీటర్‌కి వైరు తగిలించుకుంటే బిల్లు మనకే వస్తుంది, అలాగన్నమాట.

రాత్రి పదిన్నరకి ఎర్రర్ హ్యాండ్లర్ ఫంక్షన్ మొదటి లైన్‌లో మొదలు, చివర్లో ముగింపు పెట్టా. నిజం చెప్పాలంటే నమ్మకంతో కాదు, ఇంకేం పెట్టాలో తోచక. మర్నాడు వచ్చిన ఫొటోలో: రసీదు తయారీ 13,602 దగ్గరే ఉంది, దాని కింద కొత్త గీత ఒకటి. ఎర్రర్ హ్యాండ్లర్ 13,391. ఎన్నిసార్లు: 28.

తీసివేస్తే రసీదు సొంత పని 211 మిల్లీసెకన్లు. పాపం ఆ ఫాంట్‌ని ఊరికే కోశా.

ఒక్కో పిలుపుకి సగటున 478 మిల్లీసెకన్లు. ఆ హ్యాండ్లర్‌లో ఏముందో ఏళ్ల తర్వాత తెరిచి చూశా. నోటీస్ (వార్నింగ్ కంటే చిన్న హెచ్చరిక) అయితే ఏమీ చెయ్యకుండా వెనక్కి వెళ్లిపో. వార్నింగ్ అయితే ఎస్ఎమ్‌టీపీ (మెయిల్ పంపే పద్ధతి) ద్వారా నాకు మెయిల్ కొట్టు. ప్రతి వార్నింగ్‌కీ కొత్త కనెక్షన్, టీఎల్ఎస్ (రహస్యంగా మాట్లాడుకునే ఏర్పాటు) తతంగం, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, మెయిల్, క్విట్. అర సెకను అవ్వదా మరి? 2017లో వార్నింగ్ అంటే ఏడాదికి రెండో మూడో వచ్చేవి, అర సెకను ఎవరికీ తెలిసేది కాదు. పోర్ట్ తెరుచుకోక కనెక్షన్ వేలాడి ఉంటే ఇంకా ఘోరంగా ఉండేది, డిఫాల్ట్ సాకెట్ టైమ్‌అవుట్ 60 సెకన్లు.

మరి ఇప్పుడు 28 ఎక్కడివి? మే నెల సెలవుల్లో హోస్టింగ్ వాళ్లు పాత వెర్షన్ తీసేస్తున్నామంటే పీహెచ్‌పీ 7.4 నుంచి 8.1కి మార్చా. 7.4కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబరు 28తోనే ఆగిపోయాయి, మార్చడంలో తప్పేం లేదు. కానీ పీహెచ్‌పీ 8.0 నుంచి, అర్రేలో లేని కీ అడిగితే వచ్చేది నోటీస్ కాదు, వార్నింగ్. డిక్లేర్ చెయ్యని వేరియబుల్ కూడా అంతే. నా హ్యాండ్లర్ ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని వదిలేసిన నోటీసులన్నీ ఒక్క రాత్రిలో వార్నింగులై, ఒక్కోటీ ఒక మెయిల్ అయింది.

రసీదులో తొమ్మిది ఫీజు పద్దులు, ట్యూషన్, హాస్టల్, బస్సు, ల్యాబ్ అలా. ఒక్కో పద్దులో రాయితీ, బస్ రూట్, రిమార్కు అని మూడు కీలు చదువుతా. కొత్తగా చేరిన ఫస్టియర్ పిల్లలకి ప్రిన్సిపాల్ గారు రాయితీ ఖరారు చేసేదాకా ఆ మూడూ ఉండవు. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. పక్క కౌంటర్‌లో కూర్చునేది సెకండియర్ పిల్లల ఫీజు కట్టించుకునే ఆయన, వాళ్లకి పోయినేడాదే అన్నీ నిండిపోయాయి, అందుకే ఆయనకి చక్రం లేదు. నా టెస్ట్ పిల్లాడికి అన్ని కీలూ నేనే ముద్దుగా నింపి పెట్టుకున్నా, అందుకే నాకూ లేదు.

ఇరవై ఏడు సరే, ఇరవై ఎనిమిదోది ఎవరు? దీన్ని వదిలేసి పడుకోవచ్చు, నిద్ర పట్టలేదు. వెతికితే రసీదులో పిల్లాడి ఫొటో సైజు చూసే లైన్ దొరికింది, ముందు ఎట్ గుర్తు (@) పెట్టి ఉంది, ఫొటో లేకపోతే వార్నింగ్ నొక్కెయ్యడానికి. ఎట్ పెట్టినా మన సొంత హ్యాండ్లర్‌ని పీహెచ్‌పీ పిలుస్తుంది, ఇది పాత సంగతే. అందుకే అందరం హ్యాండ్లర్ మొదట్లో ఎర్రర్ రిపోర్టింగ్ (ఏ ఎర్రర్లు బయటికి చెప్పాలో చూపే అంకె) సున్నా అయితే వెనక్కి వెళ్లిపో అని రాసేవాళ్లం. 8.0 నుంచి ఎట్ పెట్టినప్పుడు అక్కడ వచ్చేది సున్నా కాదు, 4437. ఫేటల్ ఎర్రర్లని ఎట్ నొక్కకూడదని వాటి బిట్లన్నీ ఉంచేశారు, కూడితే ఆ అంకె. నా సున్నా చెకింగ్ అప్పట్నుంచీ ఎవర్నీ ఆపలేదు. సున్నాతో పోల్చడం కాకుండా, వచ్చిన ఎర్రర్ నంబర్‌ని ఎర్రర్ రిపోర్టింగ్‌తో బిట్‌వైజ్ ఆండ్ (రెండు అంకెల్లో ఉమ్మడిగా ఉన్న బిట్లు తీసే లెక్క) చేసి చూడాలి. పాత కోడ్ ఉన్నవాళ్లు ఈ ఒక్క లైన్ అన్నా ఇవాళ చూసుకోండి.

ఇక రెండో ట్యాబ్ సంగతి. పేజీ పైన "ఈ రోజు వసూలు" అని ఒక అంకె ఉంటుంది, పావు నిమిషానికోసారి అజాక్స్‌తో (పేజీ మళ్లీ తెరవకుండా వెనకాల పంపే రిక్వెస్ట్‌తో) తెచ్చుకుంటుంది. అదే డైరీలో దాని గీత చూస్తే మొత్తం 11,274, అందులో సెషన్ స్టార్ట్ ఒక్కటే 11,260. ముందు చూసినప్పుడు సెషన్లు ఉన్న డిస్క్ పాడైందేమో అనుకున్నా. కాదు. ఫైళ్లలో ఉండే సెషన్‌ని ఒక రిక్వెస్ట్ తెరిస్తే, అది మూసేదాకా అదే సెషన్ కోసం వచ్చిన ఇంకో రిక్వెస్ట్ తాళం బయట నిలబడుతుంది. సేవ్ పదమూడు సెకన్లు లోపల కూర్చుని మెయిళ్లు పంపుకుంటుంటే, అజాక్సూ, మేడమ్ రెండో ట్యాబూ సెషన్ స్టార్ట్ దగ్గర క్యూలో ఉన్నాయి. సెషన్ స్టార్ట్‌లో పెద్ద అంకె కనబడితే ఆ రిక్వెస్ట్‌ని అనుమానించకండి, అదే టైమ్‌లో లోపల ఎవరున్నారో చూడండి. నేను మొత్తం టైమ్‌ని రిక్వెస్ట్ మొదలైన క్షణం నుంచి లెక్కెయ్యకపోయి ఉంటే ఆ పదకొండు సెకన్లు కనబడేవే కావు.

రెండు రసీదులు కూడా ఇందులోంచే. మేడమ్ మళ్లీ సేవ్ నొక్కితే బ్రౌజర్ మొదటి రిక్వెస్ట్‌ని వదిలేస్తుంది, కానీ ఏదైనా అవుట్‌పుట్ పంపబోయేదాకా పీహెచ్‌పీకి ఆ సంగతి తెలియదు, దాని పని అది చేసుకుపోతుంది. రెండోది తాళం దగ్గర ఆగి, మొదటిది బయటికి రాగానే లోపలికెళ్లి బుద్ధిగా ఇంకో రసీదు కొడుతుంది. డేటాబేస్‌లో చూస్తే ఆ జంటల మధ్య తేడా సరిగ్గా పదమూడు పద్నాలుగు సెకన్లు. ఒక పిల్లాడికి హాస్టల్ ఫీజు నెలనెలా విడగొట్టి పద్దులు ఎక్కువున్నాయి, అతని సేవ్ 34 సెకన్లు. 30 సెకన్ల మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ ఎందుకు ఆపలేదంటే, లినక్స్‌లో అది నెట్‌వర్క్ కోసం, డేటాబేస్ కోసం ఎదురుచూసిన టైమ్‌ని లెక్కలోకి తీసుకోదు.

బాగు చెయ్యడం ఒక గంట పని. హ్యాండ్లర్ ఇప్పుడు ఎవరికీ మెయిల్ కొట్టదు. ఫైల్ పేరు, లైన్ నంబర్ కలిపి ఒక కీ, దాని కింద ఎన్నిసార్లు అన్న లెక్క, అంతే, మెమరీలో ఉంచుకుంటుంది. ఒకే లైన్‌లో తొమ్మిదిసార్లు వస్తే ఒక ఎంట్రీ, పక్కన తొమ్మిది. షట్‌డౌన్‌లో ముందు టైమ్ డైరీ సెషన్‌లో పెట్టి, సెషన్ రైట్ క్లోజ్ పిలిచి, ఫాస్ట్‌సీజీఐ ఫినిష్ రిక్వెస్ట్ ఉంటే దాన్ని పిలిచి, అప్పుడు ఎర్రర్ల ముద్ద మొత్తం ఒకేసారి లాగ్ ఫైల్ చివర రాస్తుంది. ఆ వరస మార్చకండి. ఫినిష్ రిక్వెస్ట్ పిలిస్తే బ్రౌజర్‌కి పేజీ వెళ్లిపోతుంది గానీ సెషన్ తాళం మాత్రం మనం తీసేదాకా అలాగే ఉంటుంది. రాత్రి తొమ్మిదికి, టైమ్‌కి దానంతటదే నడిచే క్రాన్ ఒకటి ఆ ఫైలు చదివి రోజంతటికీ కలిపి ఒక మెయిల్ పంపుతుంది. అజాక్స్‌కి సెషన్ స్టార్ట్‌లోనే రీడ్ అండ్ క్లోజ్ ఇచ్చా, చదివి వెంటనే తాళం వదిలేస్తుంది. దానికి ఇక డైరీ రాయడం కుదరదు, అక్కర్లేదు కూడా. ఆ మూడు కీల దగ్గరా జంట ప్రశ్నార్థకాలు పెట్టి, కీ లేకపోతే ఖాళీ వచ్చేలా చేశా. అసలు చెయ్యాల్సింది 2017లోనే ఈ పని.

ఈ పద్ధతి అన్నిటికీ పనికొస్తుందని మాత్రం అనుకోవద్దు. ఎఫ్‌పీఎమ్ రిక్వెస్ట్‌ని టైమ్ దాటిందని చంపేస్తే షట్‌డౌన్ ఫంక్షన్లు నడవవు, డైరీలో ఒక్క అక్షరం ఉండదు, అక్కడ స్లోలాగే దిక్కు. సెషన్లు ఫైళ్లలో కాకుండా రెడిస్ అనే మెమరీ డేటాబేస్‌లో పెట్టుకుని తాళం ఆన్ చెయ్యకపోతే, అందులో అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, ఒకేసారి నడిచిన రెండు రిక్వెస్టుల్లో చివర రాసినదే మిగులుతుంది, మొదటిదాని లెక్కలు మాయం. లాగిన్ లేని పబ్లిక్ పేజీలకి దీన్ని పెట్టడం అనవసరం.

డైరీ తియ్యలేదు, జెండా దించి ఉంచా. జెండా లేకపోతే మొదలు, ముగింపు రెండూ మొదటి లైన్‌లోనే వెనక్కి వెళ్లిపోతాయి.

మెయిళ్లన్నీ ఎటు పోయాయని అడుగుతారేమో. నేనే అప్పట్లో ప్రాజెక్ట్ కోసం ఒక ఐడీ తీసి, అందులో ఫిల్టర్ పెట్టి, వచ్చినవన్నీ ఒక ఫోల్డర్‌లోకి పోయేలా చేసి మర్చిపోయా. పాస్‌వర్డ్ రీసెట్ చేసుకుని తెరిస్తే జూన్ మొదటి వారానివే వేలల్లో ఉన్నాయి, ప్రతిదాంట్లో ఫైల్ పేరూ, లైన్ నంబరూ, ఏ కీ లేదో ఆ కీ పేరూ అన్నీ వివరంగా. మూడు రోజులు నేను వెతికిందంతా అక్కడ రాసే ఉంది.

మర్నాడు పొద్దున్నే మేడమ్ ఫోన్. "బాబూ, సేవ్ నొక్కితే ఇట్టే వచ్చేసింది, నిజంగా జమ అయిందా లేక ఊరికే వచ్చిందా? ఎందుకైనా మంచిదని ఇంకోసారి నొక్కాను." పాత జంటలు పందొమ్మిదిని ముందురోజే క్యాన్సిల్ చేయించా. ఇరవయ్యోది ఆవిడతో మాట్లాడుతూనే తీసేశా, ఫోన్ పెట్టేశాక ఫారంకి ఒకసారి మాత్రమే పనిచేసే టోకెన్ రాయడం మొదలుపెట్టా.